పెట్టుబడి సాయం: పట్టాదారుకా, సాగుదారుకా?
చేవెళ్ల, మొయినాబాద్ మండలాల నేపథ్యంలో ఒక పరిశీలన

తెలంగాణ ప్రభుత్వం 2018 మే 10న రైతుబంధు పథకాన్ని ప్రారంభించింది. తొలి ఏడాది ఎకరాకు పంటకాలానికి రూ.4,000, 2019–20 నుండి రూ.5,000 చొప్పున చెల్లించింది. 2025 జనవరి 26న దాని స్థానంలో వచ్చిన రైతుభరోసా ఈ మొత్తాన్ని రూ.6,000కు పెంచింది. అదునుకు విత్తనాలు, ఎరువులు కొనుటకు రైతు అప్పుల పాలు కారాదన్నది ఈ సాయం ఉద్దేశం. అది విత్తే చేతికే చేరుతున్నదా అన్న ప్రశ్నకు రంగారెడ్డి జిల్లాలోని చేవెళ్ల, మొయినాబాద్ మండలాలు తగిన పరిశీలనా క్షేత్రాలు.

ఈ మండలాల నుండి హైదరాబాదుకు కూరగాయలు, పూలు సరఫరా అవుతాయి. నగర సామీప్యం వలననే ఇక్కడి భూమి ధర పంట ఆదాయంతో పొంతన లేకుండా పెరిగి, ఎన్నో కమతాలు నగరవాసుల పేరిటికి మారాయి. 1996 మార్చి 8 నాటి 111వ జీవో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాలలో కాలుష్య పరిశ్రమలను, నివాస కాలనీలను నిషేధించింది. మొయినాబాద్ మండలంలోని పలు గ్రామాలు ఈ పరిధిలోనివే. లేఅవుట్లకు అనుమతి లేనందున, ప్రహరీ నడుమ ఫామ్‌హౌస్ వెలసిన భూమి సైతం రికార్డులలో వ్యవసాయ భూమిగానే కొనసాగే వీలు కలిగింది.

రైతుబంధుకు పట్టాదారు పాసుపుస్తకమే ప్రాతిపదికగా ఉండేది. విస్తీర్ణానికి పరిమితి ఉండేది కాదు. పదెకరాల పట్టాదారు పంట వేసినా, వేయకున్నా ఏడాదికి లక్ష రూపాయలకు అర్హుడయ్యేవాడు. పక్కనే మూడెకరాలు కౌలుకు తీసుకొని టమాట, బంతి పండించే రైతుకు ఏమీ రాదు. కౌలు చెల్లించి, పెట్టుబడి సమకూర్చుకొని, ధర పడిపోతే నష్టం భరించేది మాత్రం ఆయనే. కేంద్రం ఏడాదికి రూ.6,000 ఇచ్చే పీఎం కిసాన్ కూడా భూమి గల కుటుంబాలకే పరిమితం.

రైతుభరోసా నియమాలు లేఅవుట్లను, రాళ్లు గుట్టలను, సాగుకు పనికిరాని భూములను మినహాయించాయి. ఇది మంచి సవరణే. అయితే ‘సాగుకు యోగ్యమైన’ భూమి వేరు, ‘సాగవుతున్న’ భూమి వేరు. బీడుగా ఉంచిన యోగ్యమైన భూమికి సాయం అందుతుంది. కౌలుదారు నేటికీ లెక్కలోకి రాడు.

ఆంధ్రప్రదేశ్ 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం చేసి, 11 నెలల ఒప్పందంపై కార్డులు ఇచ్చింది. దానికి యజమాని సంతకం తప్పనిసరి. సంతకం చేస్తే భూమి చేజారునన్న భయానికి చారిత్రక కారణం ఉంది: 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులకు హక్కులు కల్పించింది. ఒడిశా మాత్రం 2018లో ప్రకటించిన ‘కాలియా’ పథకంలో భాగపు సాగుదారులకూ చోటు కల్పించింది.

ఈ చిక్కులో విస్తరణ యంత్రాంగానికి ఒక సాధనం ఉంది. సుమారు 5,000 ఎకరాలకు ఒకరు చొప్పున ఉన్న వ్యవసాయ విస్తరణాధికారులు ప్రతి పంటకాలంలో సర్వే నంబరు వారీగా పంటలను నమోదు చేస్తారు. చేనుగట్టుకు వెళ్లి చేసే ఈ నమోదులో పట్టాదారు పేరుతో పాటు వాస్తవ సాగుదారు పేరును కూడా చేర్చవలసి ఉంది. ఆ నమోదు భూమిపై ఎట్టి హక్కును కల్పించదని చట్టంలో స్పష్టపరిస్తే యజమానుల జంకు కొంతైనా తగ్గుతుంది. పెట్టుబడి సాయానికే కాక పంట కొనుగోలుకు, నష్టపరిహారానికి కూడా అదే ఆధారం కాగలదు. పంట ఎవరిదో నమోదు కానంత వరకు, ఎంత పెంచినా సాయం పాసుపుస్తకం వద్దనే ఆగిపోతుంది.