పులుపు నీటిని విడువదు

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో వేసవి భోజనమునకు పచ్చిపులుసు తోడుండవలసినదే. నానిన చింతపండును పిసికి, పిప్పి తీసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి చేర్చి పోపు పెడతారు. పైన తేలిన నూనెను మాత్రమే చెంచాతో తీసి రుచి చూడండి. పోపు వాసన, కారము తెలియును గాని పులుపు దాదాపు ఉండదు. కారము, సువాసనలు నూనెను ఆశ్రయిస్తాయి. చింతపండులోని టార్టారిక్ ఆమ్లము, నిమ్మలోని సిట్రిక్ ఆమ్లము నీటిని విడువవు. కనుక పులుపును రాబట్టుటకు ఆయుర్వేదములోని హిమము వలె నీట నానబెట్టుటే తగిన మార్గము.

ఈ గుణమే కర్మాగారములకు చిక్కు తెచ్చిపెట్టినది. బజారులో లభించే నిమ్మ ఉప్పు, అనగా సిట్రిక్ ఆమ్లము, పేరుకే నిమ్మ. నిమ్మతోటలకు పేరుపొందిన నల్లగొండలో అమ్మేది సైతం నిమ్మకాయల నుండి తీసినది కాదు. ఆస్పర్‌జిల్లస్ నైగర్ అనే నల్లబూజుకు చక్కెర ద్రవమును ఆహారముగా ఇచ్చి దానిని తయారుచేస్తారు. పులిసిన ద్రవము నుండి ఆమ్లమును వేరుచేయుటకు సున్నము కలిపి, అడుగున పేరిన పదార్థమును గంధకామ్లముతో విడగొట్టుట పాత పద్ధతి. 1784లో షీలే నిమ్మరసమునుండి ఆమ్లమును తీసినది ఇంచుమించు ఇట్లే. దీనివలన జిప్సం గుట్టలుగా మిగులును.

మరొకటి ద్రావణి పద్ధతి. ఉత్త నూనెకు ఆమ్లము రాదు గనుక, ఆమ్లముతో జతకట్టే ట్రైడోడెసైల్ అమైన్‌ను పెట్రోలియం ద్రావణిలో కలిపి ఆ పులిసిన ద్రవముతో చిలుకుతారు. ఆమ్లము ద్రావణి పొరలోనికి చేరును. ఆ పొరను వేడినీటితో కడిగినచో మరల నీటిలోనికే దిగును! అమెరికా నిబంధనల ప్రకారము ఆ అమైన్ శేషము కోటి వంతులలో ఒక వంతుకు మించరాదు. ఇటువంటి ప్రయోగములు ఇంటిలో ఎంతమాత్రము చేయరాదు.

పులుపు ఏదైనా ఒకటేనని చారులో చింతపండుకు బదులు నిమ్మ ఉప్పు వేయువారున్నారు. ఫ్లోరైడు నీటితో బాధపడిన మన ప్రాంతమున ఇది ఆలోచించవలసిన విషయము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 2002లో ప్రకటించిన పరిశోధనలో, రోజుకు 10 గ్రాముల చింతపండు 18 రోజులు తిన్న బాలురకు మూత్రములో పోయే ఫ్లోరైడు రోజుకు 3.5 మిల్లీగ్రాముల నుండి 4.8 మిల్లీగ్రాములకు పెరిగినది. ఆ ఫలితము చింతపండుది. నిమ్మ ఉప్పుకు అంటగట్టరాదు. అట్లని చింతపండు ఫ్లోరోసిస్‌కు మందు కాదు. వంగిన ఎముకలను అది సరిచేయలేదు. ముందుగా త్రాగే నీరు మారవలెను.

ఆమ్లపిత్తము, ఛాతీమంట గలవారు చింతపండును మితముగా వాడవలెను. కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రలలో పులుసు నిలువ ఉంచరాదు.