బోను: ఒక నిమిషం పాట

పాట అనగానే మనకు పల్లవి, చరణాలు, తాళం గుర్తుకు వస్తాయి. ఇవేవీ లేని ఒక పాట గురించి మేము ఈ సంచికలో చెప్పదలచుకున్నాము. దాని పేరు 'ది కేజ్', అంటే బోను. రాసి, స్వరపరచినది అమెరికా దేశస్థుడు చార్లెస్ ఐవ్స్. పాడితే ఇంచుమించు ఒక నిమిషం. మొదటిసారి విన్నప్పుడు అది ఎప్పుడు అయిపోయిందో మాకు తెలియనే లేదు.

ఐవ్స్ 1874లో కనెక్టికట్ రాష్ట్రంలోని డాన్‌బరీ అనే ఊరిలో జన్మించారు. తండ్రి బ్యాండు మాస్టరు. ఆయన పిల్లల చేత ఒక శృతిలో పాడించి, తాను వేరొక శృతిలో వాయించేవారు. మనం అలా పాడితే శృతి తప్పావని కూర్చోబెడతారు! పెద్దయ్యాక ఐవ్స్ న్యూయార్కులో జీవిత బీమా ఉద్యోగం చేసుకుంటూ, తీరిక వేళల్లో సంగీతం రాసేవారు.

1906 వేసవిలో ఒక మధ్యాహ్నం ఆయన స్నేహితులతో సెంట్రల్ పార్కు జంతుశాల దగ్గర కూర్చున్నారు. బోనులో చిరుతపులి అటూ ఇటూ తిరుగుతున్నది. ఒక కుర్రవాడు దానినే చూస్తూ నిలబడ్డాడు. పాటలో ఉన్నది కూడా అంతే. చిరుత ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తుంది. కాపలాదారు మాంసం తెచ్చినప్పుడే ఆగుతుంది. మూడు గంటలుగా చూస్తున్న కుర్రవాడికి, బతుకంటే ఇలాగే ఉంటుందా అని సందేహం వస్తుంది. ఆ ప్రశ్నతోనే మాటలు ముగుస్తాయి.

అసలు విశేషం స్వరాలలో ఉంది. హార్మోనియం ఉన్నవారు ప్రయత్నించి చూడండి. షడ్జమం నొక్కి, తెల్లవీ నల్లవీ కలిపి లెక్కపెడుతూ, ఒక మెట్టు వదిలి ఒక మెట్టు నొక్కుతూ పోతే ఆరు స్వరాలు దాటగానే పై షడ్జమం వస్తుంది. దారిలో పంచమం తగలదు. అన్ని అడుగులూ సమానమే కనుక ఏ స్వరం దగ్గరా ఇల్లు చేరినట్టు అనిపించదు. గొంతు ఎక్కువగా ఇలాంటి అడుగులతోనే పైకీ కిందికీ తిరుగుతుంది. పియానోలో మనకు అలవాటైన స-గ-ప కలయిక ఉండదు. స మీద మ, మ మీద ని, ఇలా నాలుగేసి స్వరాల దూరంలో పేర్చిన కలయికలు బోను ఊచల్లా నిలబడతాయి. తాళానికి గీతలు లేవు. వేగం పెంచకుండా, తగ్గించకుండా, యంత్రంలా పాడాలని ఐవ్స్ సూచన రాశారు. అంటే భావం పలికించవద్దన్నమాట. మన సంగీతం సారు వింటే ఒప్పుకోరు గానీ, చిరుత నడకకు అదే సరిపోయిందని మా అభిప్రాయం.

ఆ ప్రశ్న చిరుత గురించేనని మాలో కొందరు అన్నారు. కుర్రవాడు కూడా మూడు గంటలు అక్కడే ఉండిపోయాడు కదా అని తొమ్మిదో తరగతి తమ్ముడొకడు అన్నాడు. ఆ రాత్రి స్టడీ అవర్ అంతా అదే వాదన.

1922లో ఐవ్స్ తన 114 పాటలను సొంత డబ్బుతో పుస్తకంగా అచ్చు వేయించి ఉచితంగా పంచారు. 'బోను' అందులో ఉన్నది.