గీత ఏ చుక్క దగ్గర మొదలైంది?

సంక్రాంతి దగ్గరపడుతుంటే ముగ్గుల పేజీలు పెట్టడం మా డీటీపీ వాళ్లకు ఏటా ఉండే పనే. పైన పూర్తయిన ముగ్గు, కింద ‘7 చుక్కలు, 4 వచ్చేవరకు, సందు చుక్క’ అని ఒక లైను. లెక్క సరే, ఆకారం సరే. మెలికల ముగ్గు నేర్చుకునే పిల్లకు మాత్రం అవి చాలవు. గీత ఏ చుక్క దగ్గర ఎత్తుకోవాలి, ఎటు తిరగాలి, పాత గీతను ఎక్కడ దాటాలి అన్నవి అచ్చుబొమ్మలో దొరకవు. నేను మా పెద్దమ్మ చెయ్యి చూస్తూ నేర్చుకున్నాను. ఆ చెయ్యి నడిచిన వరస చూపించాలంటే బొమ్మ కదలాలి.

వీడియో తీయొచ్చు కదా అంటారు. వీడియోలో చూడాల్సిన గీతకు చెయ్యే అడ్డం వస్తుంది. గిఫ్‌లో చెయ్యి ఉండదు, గీత ఒక్కటే పెరుగుతుంది. అయిపోగానే దానంతటదే మళ్లీ మొదలవుతుంది.

గిఫ్ పాతకాలపు ఫైలు. అమెరికాలో కంప్యూసర్వ్ సంస్థలో స్టీవ్ విల్‌హైట్ బృందం 1987లో తయారుచేసింది. ఒక్కో బొమ్మ ఎంతసేపు నిలవాలో చెప్పే ఏర్పాటు 1989 రూపంలో వచ్చింది. ఆగకుండా తిరగడం తర్వాత నెట్‌స్కేప్ బ్రౌజరు నేర్పింది. ఒక్కో ఫ్రేముకు 256 రంగులే. పెళ్లి ఫొటోకు అది పెద్ద ఇబ్బంది, ఆకాశం చారలు చారలుగా వస్తుంది. ముగ్గుకు ఏ ఇబ్బందీ లేదు. ఎర్రమట్టి రంగు నేల, తెల్లటి పిండి, పసుపు, కుంకుమ... 16 రంగులు పెట్టినా మిగులుతాయి. రంగులు తగ్గితే ఫైలూ తేలికవుతుంది.

నేను గింప్‌లో చేస్తాను. డబ్బు కట్టక్కర్లేని సాఫ్ట్‌వేర్, పాత కంప్యూటర్లలోనూ నడుస్తుంది. 480 పిక్సెళ్ల చదరం తెరిచి, అడుగు లేయరుకు నేల రంగు నింపి, దానిమీదే చుక్కలు పెడతాను. సందు చుక్క కాబట్టి 4, 5, 6, 7, మళ్లీ 6, 5, 4. మొత్తం 37. ఆ పైన మలుపుకో కొత్త లేయరు. ప్రతి లేయరూ ఖాళీగా, పారదర్శకంగా ఉండాలి. అందులో ఆ ఒక్క మలుపు గీతే గీయాలి, పాత గీతలు మళ్లీ గీయకూడదు. గింప్ కింది లేయరు నుంచి పైకి చూపిస్తూ పోతుంది కనక, మన చెయ్యి నడిచిన వరసే సినిమా వరస అవుతుంది.

గీయడానికి బ్రష్ వద్దు, పెన్సిల్ తీసుకోండి. బ్రష్ గీత అంచులు సగం పారదర్శకంగా ఉంటాయి. గిఫ్‌కు సగం అన్నది తెలియదు, పిక్సెల్ ఉంటే ఉంది, లేకపోతే లేదు. అందుకే బ్రష్‌తో వేసిన మెలిక అంచులు కొరికేసినట్టు వస్తాయి. పెన్సిల్ గీత మొదటినుంచీ గట్టి అంచుతోనే పడుతుంది.

బొమ్మకు ప్రాణం పోసేది వ్యవధి. లేయరు పేరు చివర బ్రాకెట్లలో మిల్లీసెకన్ల అంకె వేసి, దాన్ని ఆనుకునే ఎం, ఎస్ అనే రెండు చిన్న ఇంగ్లీషు అక్షరాలు చేర్చాలి. అన్నిటికీ ఒకే అంకె ఇచ్చారంటే గీత మరబొమ్మలా పోతుంది, నేర్చుకునేవాళ్ల కన్ను ఎక్కడా నిలవదు. పెద్దమ్మ చెయ్యి సాఫీ మలుపుల్లో జారిపోయేది, గీత గీతను దాటేచోట ఒక్క క్షణం తగ్గేది. అందుకని మామూలు మలుపుకు 150, దాటేచోట 400 ఇస్తాను. చుక్కలు మాత్రమే ఉన్న అడుగు లేయరుకు 1500 ఇస్తే లెక్కపెట్టుకునే వీలుంటుంది. పూర్తయిన ముగ్గుకు 3000 ఇవ్వాల్సిందే. అంతసేపు చూడనివ్వకుండా చెరిపేస్తే ముగ్గు వేసి ఏం లాభం? గిఫ్ కాలాన్ని సెకనులో నూరోవంతుల్లో కొలుస్తుంది కాబట్టి అంకెలు సున్నాతో ముగిస్తే చాలు.

ఫిల్టర్స్‌లో యానిమేషన్, అందులో ప్లేబ్యాక్ నొక్కి చూసుకోవచ్చు. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ‘యాజ్ యానిమేషన్’కూ, ‘లూప్ ఫరెవర్’కూ టిక్ పెట్టండి. లేయర్లు ఒకదానిమీద ఒకటి చేరాలా, పాతది పోయి కొత్తది రావాలా అని అక్కడే అడుగుతుంది. ముగ్గుకు చేరేదే కావాలి, కాబట్టి ‘కంబైన్’. ‘రీప్లేస్’ ఎంచుకుంటే నేలా చుక్కలూ మాయమై మలుపు ముక్క ఒక్కటే మెరిసి పోతుంది.

ఫొటోషాప్ ఉన్నవాళ్లు విండో మెనూలో టైమ్‌లైన్ తెరిచి ఫ్రేమ్ యానిమేషన్ ఎంచుకోవాలి. ప్రతి ఫ్రేము కిందా సమయం ఉంటుంది, ఏ ఫ్రేములో ఏ లేయరు కనబడాలో కంటి గుర్తుతో చెప్పాలి. అక్కడి ‘ట్వీన్’ రెండు ఫ్రేముల మధ్య ఫ్రేములను తనే పుట్టిస్తుంది. బొమ్మ జరగడానికి, మెల్లగా తేలడానికి బావుంటుంది. ముగ్గుకు వాడొద్దనే చెబుతాను. దాంతో గీత మంచులోంచి తేలినట్టు వస్తుందే తప్ప, ఎటునుంచి ఎటు పోయిందో తెలియదు.

వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది గిఫ్‌ను వీడియోగా మార్చేస్తుంది, సన్న గీతల అంచులు చెదురుతాయి. డాక్యుమెంట్‌గా పంపితే మనం చేసింది చేసినట్టే చేరుతుంది. మొదటిసారి నేర్చుకునే పిల్లలకైతే నేను అంకెలన్నీ రెట్టింపు చేసిన నిదానపు ఫైలు కూడా జతచేస్తాను.