పెరటి కూరగాయలు: మాఘము నుండి మృగశిర వరకు

పుష్య మాఘ మాసములలో వరంగల్, హనుమకొండ ప్రాంతపు పల్లెలలో నీటి వసతి గల ఏ పెరడు చూచినను కాయలతో నిండియుండును. మేడారము జాతర జరుగు రోజులలో టమాట గంపలకెత్తును. చిక్కుడు పందిరి మీద విరగకాయును. వంకాయ, గోకరకాయ ఇంటివారు తినలేనన్ని వచ్చును. ఇరుగుపొరుగు వారికి పంచగా మిగిలినవి పశువుల ముందు వేయుదుము. అదే ఇంట రోహిణి కార్తె ఎండలలో కూరకు ఏమియు లేక పచ్చిపులుసుతో పూట గడుపుదురు. మృగశిర దాటి వానలు పడి, కొత్త నారు నాటి, అది కాపునకు వచ్చుసరికి ఆగస్టు నెల యగును. ఈ నడిమి నెలలలోనే అంగడిలో ధరలు మండును. 2023 జూలైలో టమాట ధర కిలో నూరు రూపాయలు దాటిన సంగతి పాఠకులు మరచియుండరు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకముల ప్రకారము పెద్దవారికి దినమునకు ఆకుకూరలతో కలిపి సుమారు 400 గ్రాముల కూరగాయలు కావలెను. ఐదుగురు పెద్దలున్న ఇంటికి ఇది 2 కిలోల లెక్క. వేసవిలో ఇంత కొని తినుట సామాన్య రైతునకు భారమే. కనుక మాఘమాసపు మిగులును మృగశిర దాక తీసికొని పోవు ఉపాయము తెలిసికొనవలెను.

కోత వేళ

తెంపిన కాయ ప్రాణము లేని వస్తువు కాదు. చెట్టు నుండి వేరైన తరువాత కూడ అది ఊపిరి పీల్చుచునే యుండును. తనలోని చక్కెరను ఖర్చు చేసికొనుచు వేడిని విడచుచుండును. వేడి 10 డిగ్రీలు పెరిగినచో ఈ వేగము సుమారు రెండు మూడు రెట్లగును. మిట్టమధ్యాహ్నము కోసి, ప్లాస్టిక్ సంచిలో కుక్కి, ఎండలో గట్టు మీద పెట్టిన బెండకాయ సాయంకాలమునకే కమిలి జిగురెక్కుటకు కారణము ఇదే.

ఎండబెట్టుట, తొక్కులు పెట్టుట మన ఇండ్లలో ఆడవారికి తరతరములుగా తెలిసిన విద్య. వారి పనిలో లోపము తక్కువ. లోపమెల్ల కాయ వారి చేతికి వచ్చు లోపలనే జరుగుచున్నదని నా అభిప్రాయము.

తెల్లవారి మంచు తడి ఆరిన వెంటనే, ఎండ ముదరక ముందే కోయవలెను. కోసినది కోసినట్లు చెట్టు నీడకు చేర్చి, గంప మీద తడి గోనెపట్టా కప్పవలెను. లాగి తెంపక, తొడిమ ఉంచి కత్తితో గాని కత్తెరతో గాని కోయుట మేలు. తొడిమ ఊడిన చోట కుళ్లు మొదలగును. నిలువ ఉంచు కాయలను కడుగరాదు. వండుటకు ముందు కడిగిన చాలును.

బెండ పూసిన 5 నుండి 7 దినములలో కోతకు వచ్చును. దినము విడచి దినము కోయనిచో కాయ ముదురుటయే గాక చెట్టు కాపు కూడ తగ్గును. వంకాయ నిగనిగలాడునపుడే కోయవలెను, మెరుపు తగ్గినదన్న లోపల గింజ ముదిరినదన్న మాట. బీర, సొర కాయలకు గోరు గ్రుచ్చి చూచుట అందరికి తెలిసినదే. టమాటను నాలుగు దినములు ఉంచి వాడదలచినచో రంగు తిరుగునపుడే కోయుడు. ఒరుగులకైనచో చెట్టు మీదనే పూర్తిగా ఎర్రబడనిండు.

ఏ ఖర్చు లేకుండ నిలుచునది గుమ్మడి. బూడిద గుమ్మడి ఒంటి నిండ తెల్లని బూడిద పట్టువరకు, తియ్య గుమ్మడి తోలు గోటికి లొంగనంత గట్టిపడువరకు తీగ మీదనే ఉంచి, రెండు అంగుళముల తొడిమతో కోసి, గాలి తగులు చోట ఉట్టిలో వ్రేలాడదీసినచో రెండు మూడు నెలలకు పైగా చెడదు. ఉల్లిగడ్డ ఆకులు సగము చేను వాలిన పిమ్మట త్రవ్వి, నీడలో వారము దినములు మెడ ఆరనిచ్చి, పలుచగా పరచి ఉంచవలెను.

ఒక హెచ్చరిక. పురుగుమందు చల్లిన పెరటిలో ఆ మందు డబ్బా మీద వ్రాసిన గడువు దాటక కాయ తెంపరాదు. మందు డబ్బాలను, ఎరువు సంచులను ఎంత కడిగినను వాటిలో తిండి వస్తువు పోయరాదు.

ఇటుక, ఇసుకల చల్లని తొట్టి

పచ్చిగా కొన్ని దినములు నిలుపుటకు కరెంటు అక్కరలేని సాధనమొకటి ఉన్నది. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ వారు 1980 దశకములో దీనిని రూపొందించిరి. నీడ గల చోట, నీటికి దగ్గరగా, 165 సెంటీమీటర్ల పొడవు, 115 సెంటీమీటర్ల వెడల్పున ఇటుకలు పరచి, దాని మీద 67.5 సెంటీమీటర్ల ఎత్తున రెండు వరుసల గోడ కట్టవలెను. రెండు గోడల నడుమ 7.5 సెంటీమీటర్ల సందు విడచి, దానిని తడిపిన వాగు ఇసుకతో నింపవలెను. వెదురు చట్రము మీద గడ్డి గాని గోనెలు గాని కుట్టి మూత చేయవలెను. ఉదయము, సాయంకాలము ఇసుకను, గోడలను, మూతను తడిపిన చాలును. కాయలను చిల్లులున్న బుట్టలలో పెట్టి లోపల ఉంచవలెను. ఇది సుమారు 100 కిలోలు పట్టును. ఒక ఇంటికి ఇందులో సగము చాలును.

కుండలో నీరు చల్లబడుటకు ఏది కారణమో దీనికిని అదియే. తడి ఆవిరి యగుచు లోని వేడిని తీసికొనిపోవును. మన జిల్లాలలో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటును, గాలి పొడిగా ఉండును. అట్టి దినములలో తొట్టి లోపల బయటికంటె 10 నుండి 15 డిగ్రీలు చల్లగా ఉండును. ఒక్క దినములో వాడిపోవు తోటకూర మూడు దినములు పచ్చగా నిలుచును. వానకాలములో గాలియే తేమగా ఉండుటచే ఇది అంతగా పనిచేయదు. ఉల్లి, వెల్లుల్లి ఇందులో ఎన్నడును పెట్టరాదు, తేమకు కుళ్లును. పంచాయతీ కార్యదర్శులు, వ్యవసాయ విస్తరణాధికారులు రైతువేదిక ఆవరణలో గాని, మధ్యాహ్న భోజనము వండు బడిలో గాని ఒక తొట్టి కట్టించి చూపినచో పదిమంది కట్టుకొందురు.

ఫ్రిజ్ ఉన్న ఇండ్లలో ఒక్క మాట. ఆకుకూరకు అది మంచిదే గాని, బెండ, వంకాయలకు 10 డిగ్రీలకు లోపలి చలి పడదు. గుంటలు పడి నల్లబడును.

ఒరుగులు

టమాటలో నూటికి 94 పాళ్లు నీరే. 20 కిలోల పండు ఎండిన తరువాత కిలో పైచిలుకు మాత్రమే మిగులును. ఆ నీటితో పాటు బూజునకు బ్రతుకు కూడ పోవును. ఇదే ఒరుగులోని రహస్యము.

టమాటను అర అంగుళము లోపు మందమున చక్రములుగా కోసి, కిలో ముక్కలకు ఒక చెంచాడు ఉప్పు చల్లవలెను. ఉప్పు మితిమీరినచో వానకాలపు తేమను అదే పీల్చును. గోకరకాయ, చిక్కుడు కాయలను ఈనెలు తీసి, మరుగు నీటిలో 3 నిమిషములు ఉంచి, చన్నీటిలో వేసి, వడకట్టి ఎండబెట్టవలెను. ఇట్లు చేసినచో రంగు, రుచి త్వరగా మారవు. కాకరకు ఉప్పు, పసుపు, మజ్జిగ మన పాత పద్ధతియే, దానిని మార్చనక్కరలేదు. ఆకులను మాత్రము నీడలో ఆరనిండు. ఎండకు వాటిలోని ఎ విటమిను నష్టపడును.

నేల మీద గాని తారు రోడ్డు మీద గాని ఎండబోయుట మానవలెను. దుమ్ము, పేడ, బండ్ల పొగ అన్నియు అందులోనే చేరును. మంచము మీద శుభ్రమైన గుడ్డ పరచి, పైన పలుచని వల కప్పినచో క్రింది నుండి కూడ గాలి తగిలి త్వరగా ఎండును. పొద్దు వాలకముందే లోనికి తీయవలెను. గోకర, బెండ ఒరుగు విరిచిన పుటుక్కుమనవలెను. టమాట ఒరుగు తోలువలె వంగవలెను గాని వ్రేలికి అంటరాదు.

ఎండినదని వెంటనే డబ్బాలో మూసి పెట్టుట తొందరపాటు. ముందుగా గాజు సీసాలో మూడింట రెండు వంతులు నింపి, మూతపెట్టి, వారము దినములు రోజుకొకసారి కుదిపి చూడుడు. సీసా లోపలి గోడకు చెమట పట్టినచో మరల రెండెండలు చూపవలెను. పట్టకున్న గాలి చొరని డబ్బాలకు మార్చవచ్చును.

2025లో భౌగోళిక గుర్తింపు పొందిన మన వరంగల్ చపాటా మిరపకును ఇదే సూత్రము. ఇంటికి ఉంచుకొను పండుమిరపను తేమ సుమారు 10 శాతమునకు దిగువరకు పలుచగా పరచి ఎండబెట్టవలెను. కుప్పగా తడి మీద ఉంచిన మిరపలో బూజు పుట్టును. కొన్ని బూజులు అఫ్లాటాక్సిన్ అను విషమును పుట్టించును. అది కాలేయమునకు చేటు. వండినను, వేయించినను పూర్తిగా పోదు. బూజు పట్టిన ఒరుగును, మిరపను దులిపి వాడుకొనుట, పశువులకు వేయుట రెండును తప్పే.

ఉప్పు, పులుపు

చింతకాయ తొక్కు, పుంటికూర తొక్కు, సల్ల మిరపకాయలు మన ఇండ్లకు కొత్తవి కావు. నిలువ తొక్కునకు కాయ బరువులో ఆరవ వంతు ఉప్పు ఉండవలెను. జాడీకి, చేతికి, గరిటెకు తడి తగులరాదు. పైన నూనె నిలిచియుండవలెను.

అయితే పట్టణములో చూచి, చిక్కుడు, బెండ, మక్కకంకి గింజలను నీటితో సీసాలలో బిగించి ఉంచు పని ఇంటిలో ఎన్నడును చేయవద్దు. పులుపు లేని కాయలలో, గాలి చొరని చోట, బాట్యులిజమ్ అను ప్రాణాంతకమైన వ్యాధిని కలిగించు విషము పుట్టవచ్చును. చూపునకు, వాసనకు అది తెలియకపోవచ్చును. దానిని పుట్టించు సూక్ష్మజీవి బీజములు మామూలు మరుగునకు చావవు; 121 డిగ్రీల ఒత్తిడి ఆవిరి కావలెను. అది కర్మాగారపు పని.

ఒరుగుల డబ్బాలను ఆషాఢమున ఒకసారి తీసి చూచి, ఎండ కాచిన దినమున మరల ఎండబెట్టి మూయుడు. వండుటకు ముందు గోరువెచ్చని నీటిలో అరగంట నాననిచ్చి, ఆ నీటిని పారబోయక దానితోనే పప్పు వండవలెను. ఉప్పు మాత్రము రుచి చూచిన పిమ్మట వేయుడు, ఒరుగులో కొంత ముందే ఉన్నది.