పొంగును నమ్మని కంట్రోలర్

బాయిలర్ డ్రమ్ములో నీళ్లు ఎంత ఉన్నాయో కనిపెట్టడం ఆవిరి యంత్రాల్లో పాత చిక్కు.  ఉదాహరణకు, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణ నీళ్లను తోడుకునే ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రాన్ని చూడండి. 1979లో మొదలైన ఈ కేంద్రంలో 210 మెగావాట్ల యూనిట్లు ఆరు. ఒక్కో బాయిలర్ నెత్తిన పొడవాటి ఉక్కు డ్రమ్ము, అందులో అడుగున నీళ్లు, పైన ఆవిరి. మట్టం బాగా పడిపోతే గొట్టాలు కాలిపోతాయి. మించితే ఆవిరితో పాటు నీళ్లూ ఎగిరిపోయి టర్బైన్ రెక్కలను దెబ్బతీస్తాయి.

కరెంటు వాడకం ఒక్కసారిగా పెరిగితే టర్బైన్ ఆవిరిని ఎక్కువగా లాగుతుంది, డ్రమ్ములో ఒత్తిడి తగ్గుతుంది. గోలీసోడా కొట్టగానే నురగ ఎగదన్నినట్టు నీళ్లలోని బుడగలు ఉబ్బి మట్టం పైకి లేస్తుంది. ఉన్న నీళ్లేమో తరిగిపోతుంటాయి! మట్టాన్ని మాత్రమే చూసే కంట్రోలర్ సరిగ్గా అప్పుడే నీటి వాల్వు మూయబోతుంది. అందుకే మూడు కొలతలు పెట్టారు: మట్టం, బయటికి పోయే ఆవిరి, లోపలికి వచ్చే నీరు. పోయిన ఆవిరికి సరిపడా నీళ్లు ముందు పంపి, మట్టం చెప్పే సవరణ నెమ్మదిగా చేస్తారు. ఇబ్రహీంపట్నంలోనే ఉన్న 800 మెగావాట్ల యూనిట్‌కు ఈ బాధ లేదు. 221 బార్లు దాటిన ఒత్తిడిలో నీటికీ ఆవిరికీ తేడా చెరిగిపోతుంది, డ్రమ్ముతో పనే ఉండదు.

చిక్కటి ముడిచమురును ఆవిరితో కరిగించి తీసే చోట ఇదే చిక్కు పాతాళంలో ఎదురవుతుంది. రాజస్థాన్‌లోని బాఘేవాలాలో ఆయిల్ ఇండియా ఒకే బావిలోకి ఆవిరి పంపి, కొన్నాళ్లు ఆగి, అందులోంచే చమురు తోడుతుంది. కెనడాలోని అల్బర్టాలో మాత్రం ఒకదాని కింద ఒకటిగా అడ్డంగా తవ్విన రెండు బావులుంటాయి, వాటి మధ్య ఎడం సుమారు 5 మీటర్లు. పైదాంట్లో ఆవిరి పోస్తారు, కరిగిన చమురు, నీళ్లు కిందిదాని మీద మడుగు కడతాయి. అతిగా తోడితే మడుగు ఎండి ఆవిరి పంపులోకి దూరుతుంది. తక్కువ తోడితే మడుగు పెరిగి పై బావినే ముంచుతుంది. అంత లోతున మట్టం చూపే గాజుగొట్టం ఎక్కడిది? అందుకే వేడిని కొలుస్తారు. అక్కడి ఒత్తిడికి నీళ్లు మరిగే ఉష్ణోగ్రత కంటే బావిలోకి వచ్చే ద్రవం కొన్ని డిగ్రీలు చల్లగా ఉంటే మడుగు ఉన్నట్టే. ఆ తేడా తగ్గుతూ వస్తే కంట్రోలర్ పంపు వేగం తగ్గిస్తుంది, పెరిగితే పెంచుతుంది.