మీకు తెలుసా? గోడ మీది పటం నేర్పిన బాల్యం
చిత్రకారుడు రాజా రవివర్మ 1894లో బొంబాయిలో పెట్టిన అచ్చుశాల నుంచి మొదట వెలువడిన పటం ‘శకుంతల జననం’. అందులో మేనక చేతుల్లో పసిపాప, చెయ్యి అడ్డుపెట్టి మొహం తిప్పుకున్న విశ్వామిత్రుడు కనిపిస్తారు. ఒక్కో రంగుకు ఒక్కో రాతిపలక వాడే లిథో పద్ధతిలో అచ్చయిన ఇలాంటి పటాలు చవకగా మామూలు ఇళ్లకూ చేరాయి. కృష్ణుణ్ణి ముస్తాబు చేస్తున్న యశోద పటం వంటివి ముద్దులొలికే బిడ్డ, మురిసిపోయే తల్లి ఉన్న ఇల్లే నిండైన సంసారమన్న ఊహను బలపరిచాయి. కొందరు ఇల్లాళ్లు ఆ పటాలకు జరీ, చమ్కీలు అద్ది అలంకరించుకునేవారు. 1947 జులైలో మద్రాసులో మొదలైన ‘చందమామ’ పిల్లల పత్రిక తన బొమ్మలతో ఆ ఊహను పిల్లల చేతికే అందించింది. రవివర్మ స్వయంగా వేసిన తైలవర్ణ చిత్రాలను హైదరాబాద్ పాతబస్తీలో, మూసీ ఒడ్డున ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియంలో చూడొచ్చు.