రోగి మంచం దగ్గర మన నాలుక

ఆసుపత్రిలో డాక్టరుగారు నాలుక చూపించమంటారు. పాలిపోయి ఉంటే రక్తహీనత అనీ, ఎండిపోతే ఒంట్లో నీరు తగ్గిందనీ అనుమానిస్తారు. మన ఆత్మీయ ఆరోగ్యాన్ని కూడా నాలుకే బయటపెడుతుంది. యాకోబు పత్రిక 3వ అధ్యాయం చదవండి.

క్షయ రోగిని చూడవచ్చినవారు "మా బావ ఈ జబ్బుతోనే పోయాడు" అంటారు. వారు వెళ్లాక రోగి అన్నం ముట్టడు. ఊళ్లో నలుగురూ చెప్పుకుంటున్నారని తెలిస్తే సిగ్గుతో మాత్రలు మానేస్తాడు. క్షయకు సాధారణంగా 6 నెలలు మందులు వాడాలి. మధ్యలో మానితే జబ్బు మొండికేస్తుంది, ప్రాణం మీదికి వస్తుంది.

యోబు స్నేహితులు 7 పగళ్లు, 7 రాత్రులు మౌనంగా అతని దగ్గర కూర్చున్నారు. వారు చేసిన మేలు అదే. నోరు తెరిచాకే అతన్ని గాయపరిచారు.

రోగిని చూడబోయే ముందు:

1. నోటికి కావలి ఉంచమని దావీదువలె ప్రార్థించండి (కీర్తన 141:3).

2. జబ్బు గురించి ఆరా తీయకండి. తెలిసినా బయట చెప్పకండి.

3. చావు కబుర్లు, సొంత వైద్యాలు వద్దు.

4. "అన్నం తిన్నావా? మాత్ర వేసుకున్నావా?" అని ప్రేమగా అడగండి. మాట తోచకపోతే ఊరకే కూర్చోండి.

పని ఒత్తిడిలో నర్సులమైన మేమూ రోగులను కసురుకుంటాం. అందుకే డ్యూటీకి వచ్చేముందు ఈ ప్రార్థన మాకూ అవసరమే.